రీలుకు రెండో వెలుతురు

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు గోండుల్లోని మెస్రం వంశీయులు తమ సర్పదేవుడు నాగోబాకు మహాపూజ చేస్తారు. అందుకు కావలసిన గోదావరి జలాన్ని కాలినడకన వెళ్లి తెస్తారు. వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే ‘భేటింగ్’ కూడా అప్పుడే. ఏ కోడలికైనా అది ఒక్కసారే. అక్కడ తీసిన రీలును పొరపాటున మళ్లీ కెమెరాలో ఎక్కిస్తే కోడళ్ల ముఖాల మీద జాతర అంగళ్లు వచ్చి కూర్చుంటాయి. అదీ దక్కదు, ఇదీ దక్కదు. ఈ భయమే రీలు కాలపు ఫొటోగ్రాఫర్లకు ఒక క్రమశిక్షణ నేర్పింది. అదే తప్పును కావాలని చేసినవాళ్లు దాన్ని విద్యగా మలిచారు.

ఫిల్ము మీది వెండి లవణాలు తమపై పడిన వెలుతురునల్లా కూడబెట్టుకుంటాయి. కడిగేదాకా ఆ లెక్క పెరగడమే కానీ తరగడం ఉండదు. అందుకే రెండుసార్లు తీసిన రీలులో మొదటి బొమ్మ చెరిగిపోదు, రెండోది దాని మీదే చేరుతుంది. నెగెటివ్ నల్లబడుతుంది. పైగా రెండోసారి ఎక్కించినప్పుడు ఫ్రేములు మొదటి చోటే పడవు గనుక ఒకదాని అంచు ఇంకొకదాని నడుమ గీతలా కనిపిస్తుంది.

మన ఇళ్లలో చాలాకాలం తిరిగిన ఆగ్ఫా క్లిక్ 3 కెమెరాలో ఈ ప్రమాదం ఎక్కువ. దానిలో బటన్ నొక్కడానికి, రీలు తిప్పడానికి సంబంధం లేదు. తిప్పడం మరిచి మళ్లీ నొక్కితే అదే ఫ్రేము మీద రెండో ఫొటో పడుతుంది. నొక్కిన వెంటనే, వెనక ఎర్ర కిటికీలో తర్వాతి అంకె కనబడేదాకా తిప్పడమే దానికి విరుగుడు. 12 ఫొటోలూ అయ్యాక రీలు వెనక ఉండే కాగితం చివరి జిగురు పట్టీని తడిపి అంటిస్తే, ఆ రీలు అయిపోయినట్టు ఎవరికైనా తెలుస్తుంది.

35 ఎం.ఎం. రీలుకు పట్టీ ఉండదు. వెనక్కి చుట్టేటప్పుడు నాలుకలాంటి కొస బయటే మిగిలితే అది కొత్త రీలులాగే ఉంటుంది. కొసను పూర్తిగా డబ్బాలోకి లాగేయడం క్షేమం. ల్యాబు కోసం బయట ఉంచాల్సి వస్తే దాన్ని మడిచి, డబ్బా మీద తేదీ, ఊరు రాయాలి. అనుమానం వచ్చిన రీలును కెమెరాలో వేయకండి, కడగడానికి పంపండి. అది ఖాళీదైతే పోయేది రీలు ఖరీదు, కడిగిన డబ్బులు. తీసినదైతే మీ ఫొటోలు దక్కుతాయి.

ఇక కావాలని చేసే విద్య, డబుల్ ఎక్స్‌పోజర్. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ రావాలంటే వెలుతురును చెరిసగం పంచాలి. మామూలుగా సెకనులో 60వ వంతు చాలే చోట రెండుసార్లూ 125వ వంతే ఇస్తారు. వెనక నల్ల తెర ఉంటే ఆ పంపకం అక్కర్లేదు, నలుపు పడ్డ చోట ఫిల్ము ఖాళీగానే ఉంటుంది. ఒకే మనిషి తన పక్కన తానే నిలబడే స్టూడియో ఫొటోకు కెమెరాను స్టాండుకు బిగించి, లెన్సు ముందు సగం మూసి ఒకసారి, మిగతా సగం మూసి ఇంకోసారి తీస్తారు. రెండు సగాల మధ్య సందు మిగిలితే నడుమ నల్ల చార, ఒకదాని మీదికి ఒకటి వస్తే తెల్ల చార.

వెండితెర మీద దీని శిఖరం ‘సీతారామ కళ్యాణం’ (1961). ఎన్.టి. రామారావు రావణుడికి పది తలలు చూపడానికి ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ ఫ్రేమును భాగాలుగా మూస్తూ అదే ఫిల్ము మీద మళ్లీ మళ్లీ తీశారు. తొమ్మిది కుదిరి పదోది తప్పితే మళ్లీ మొదటికే.

జాగ్రత్తగా దాచిన రీలు విలువకు మళ్లీ ఆదిలాబాదే సాక్ష్యం. 1940లలో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని ఫిల్ము మీదికి ఎక్కించారు. ఆయన ఫొటోలు లండన్‌లోని సోయస్ (SOAS) విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. రీలును జాగ్రత్తగా దాచినందుకే ఎనభై ఏళ్ల కిందటి ఆ ముఖాలను ఈనాడు చూడగలుగుతున్నాం.

ఇప్పుడు కొందరు యువకులు మళ్లీ ఫిల్ము కెమెరాలు పడుతున్నారు. వాళ్లకు చెప్పేది ఒకటే: డబుల్ ఎక్స్‌పోజర్ ప్రయోగాలు నిరభ్యంతరంగా చేయండి, కానీ వాటికి వేరే రీలు పెట్టుకోండి. గోండుల దండారీ నృత్యానికో జాతరకో వెళ్లినప్పుడు మాత్రం, రీలు కెమెరాలోంచి తీసిన చేత్తోనే దాని మీద పేరు రాయండి.