ఆగని నడకలో ఒక హత్య

పాతకాలంలో నడిచే డిటెక్టివ్ నవలలు చాలావాటితో నాకు ఒకటే పేచీ. గుర్రబ్బగ్గీలు, గ్యాసు దీపాలు, లండన్ పొగమంచు అన్నీ ఉంటాయి. వాటిని తీసేసి అదే హత్యను ఈనాటి అపార్టుమెంటులో పెట్టినా కథ చెక్కు చెదరదు. నాటకం వెనక కట్టిన తెరలాగా కాలం అలా వేలాడుతుంటుంది, అంతే. పీటర్ లవ్సీ మొదటి నవల ‘వాబుల్ టు డెత్’ (1970) ఆ కోవలోది కాదు. అందులోని హత్యను 1879 నవంబరు నుంచి అటూ ఇటూ జరపలేం. ఆ పుస్తకం పనితనమంతా అక్కడే ఉంది.

కథ జరిగేది లండన్‌లో, ఇస్లింగ్టన్ అగ్రికల్చరల్ హాల్లో. పశువుల ప్రదర్శనల కోసం 1862లో తెరిచిన భారీ కట్టడం అది. విక్టోరియా రాణి కాలంలో అక్కడ ఆరు రోజుల నడక పందేలు జరిగేవి. ఆదివారం ఇలాంటి వినోదాలు కూడవు కనుక సోమవారం మొదలుపెట్టి శనివారం రాత్రికి ముగించేవారు. నడవొచ్చు, పరిగెత్తొచ్చు, కాసేపు కునుకు తీయొచ్చు. గడువు తీరేసరికి ఎవరు ఎక్కువ మైళ్లు పూర్తిచేస్తే వాళ్లదే గెలుపు. ఇది రచయిత ఊహ కాదు. 1879 జూన్‌లో ఎడ్వర్డ్ పేసన్ వెస్టన్ అనే అమెరికన్ అదే హాల్లో 550 మైళ్లు పూర్తిచేశాడు. లవ్సీకి ఈ లోకం కొట్టిన పిండి. నవలకు ముందే దూరపు పరుగుల వీరుల మీద ఒక పుస్తకం రాశాడు. కొత్త రచయిత నేర నవలకు 1000 పౌండ్ల బహుమతి అన్న ప్రకటన కనబడితే, తాను ఎరిగిన ఈ పందేల్లోనే హత్య జరిపించి ఆ బహుమతి గెలుచుకున్నాడు.

ఆ హత్య అల్లిక చూడండి. పందెంలో ఇద్దరు మేటి నడకగాళ్లు: దొరల వర్గానికి చెందిన కెప్టెన్ చాడ్విక్, కష్టపడి పైకొచ్చిన చార్లెస్ డారెల్. పందెం ఇంకా మొదటి అంకంలో ఉండగానే డారెల్ కుప్పకూలతాడు. కండరాలు బిగుసుకుంటాయి, ఒళ్లు మెలికలు తిరుగుతుంది, ప్రాణం పోతుంది. చూసినవాళ్లకు తట్టింది ధనుర్వాతం. తట్టదా మరి? అది పశువులు తిరిగిన నేల, నడిచేవాడి పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. ధనుర్వాతానికి కారణమైన సూక్ష్మజీవిని కనుక్కోవడానికి ఇంకా అయిదేళ్లు పడుతుంది కానీ, పుండుకూ పశువుల పేడకూ ఆ జబ్బుకూ ఏదో సంబంధం ఉందన్న అనుమానం అప్పటికే ఉంది. శవపరీక్షలో తేలింది మాత్రం స్ట్రిక్నిన్. మన అడవుల్లోనూ పెరిగే ముష్టి చెట్టు గింజల్లోంచి తీసే విషం. ఆ రెండింటి లక్షణాలూ చాలావరకు ఒకేలా ఉంటాయి.

ఇంకొకరైతే ఇక్కడితో తృప్తిపడేవారు. లవ్సీ ఇంకో ముడి వేస్తాడు. ఆ రోజుల్లో అలసిన ఆటగాడికి ఊపు రావడానికి స్ట్రిక్నిన్‌ను అతి కొద్ది మోతాదులో పట్టడం మామూలే. 1904 ఒలింపిక్స్ మారథాన్ గెలిచిన థామస్ హిక్స్‌కు కూడా దారిలో పట్టారు. అంటే శరీరంలో విషం దొరికినంత మాత్రాన హత్య రుజువు కాదు. జబ్బా, మోతాదు తప్పిన మందా, పగా? మూడు దారులూ తెరిచే ఉంటాయి, మూడూ ఆ కాలం తెరిచినవే. ఈ భాగం చదువుతున్నప్పుడు ఆధారాన్ని దాచడానికి చీకటి మూల అక్కర్లేదని, నాటి మామూలు అలవాటే చాలని తెలిసొచ్చి ముచ్చటేసింది.

విచారణకొచ్చే సార్జంట్ క్రిబ్, కానిస్టేబుల్ థాకరేలు కూడా అంతే పదునుగా కాలానికి అతికారు. లంచాల కేసులో స్కాట్లండ్ యార్డ్ డిటెక్టివులు 1877లో జైలుకెళ్లాక, మరుసటి ఏడాదే సి.ఐ.డి. ఏర్పడింది. క్రిబ్ చురుకుదనం వెనక ఆ మచ్చ బరువు ఉంది. పైగా టిక్కెట్ల డబ్బు పోతుందని నిర్వాహకుడు పందెం ఆపడు. అనుమానితులంతా ఒకే కప్పు కింద, అందరి కళ్లెదుట గుండ్రంగా తిరుగుతూనే ఉంటారు. శనివారం రాత్రి దాటితే ఎవరి దారి వాళ్లదే. మైళ్ల లెక్కలు కొందరికి విసుగనిపించవచ్చు. నాకు మాత్రం అవే గడియారం. అంకె పెరిగిన కొద్దీ క్రిబ్‌కు మిగిలిన సమయం తరిగిపోతుంది.

క్రిబ్ నవలలు మొత్తం ఎనిమిది. ఇది నచ్చినవాళ్లు తర్వాత చివరిదైన ‘వాక్స్‌వర్క్’ (1978) అందుకోవాలి. అందులో 1888 నాటి ఫొటో స్టూడియో, అక్కడి పనికి వాడే సైనైడ్, నేరం ఒప్పుకున్న ఒక భార్య. ఆ ఒప్పుకోలులో పొసగనిదేదో వెతకడం క్రిబ్ పని, ఉరితీసే రోజు దగ్గరపడుతుండగా.