ముంగాళ్లెత్తిన సింహం

ఇంగ్లీషు పత్రికలో ‘రాంపంట్’ అన్న మాట కనబడితే అవినీతో అంటువ్యాధో విచ్చలవిడిగా సాగుతోందనుకుంటాం. నిజానికి అది సింహం నిలబడే తీరుకు పెట్టిన పేరు. పాత ఫ్రెంచిలో ‘రాంపే’ అంటే ఎగబాకడం. వెనకకాళ్ల మీద లేచి, ముంగాళ్లు పైకి విసిరిన సింహాన్ని యూరప్ రాజుల డాళ్ల మీద ఆ మాటతో గుర్తించారు. స్కాట్లండ్ రాజలాంఛనంలో బంగారు రంగు మీద ఉన్న ఎర్ర సింహానిది ఆ భంగిమే. నడిచేది ‘పాసంట్’, పడుకున్నది ‘కూషంట్’. రంగూ భంగిమా చెబితే చాలు, చిత్రకారుడు నమూనా చూడకుండానే బొమ్మ గీసేవాడు.

లాంఛనం డాలు దిగి జనం నోట్లో పడటం మనకూ తెలిసిందే. వరాహ లాంఛనం నాణెం మీదికెక్కి, చివరికి ఆ నాణేనికే ‘వరహా’ అని పేరు తెచ్చింది. 

లేచిన సింహాన్ని మాత్రం మనవాళ్లు డాలు మీద కాదు, స్తంభం మీద నిలిపారు. ఆళ్లగడ్డ నుంచి నల్లమల వైపు వెళితే అహోబిలం. దిగువన ప్రహ్లాదవరదుడి గుడి మంటపాలు విజయనగర పద్ధతివి. ఆ పద్ధతి యాళికి పెట్టింది పేరు: సింహం ఒళ్లు, గుడ్లురిమే చూపు, కొన్నిటికి ఏనుగు తొండం.

డాలు మీద సింహానికి గీత ఉంటే చాలు. రాతి యాళికి బరువు కూడా ఉంటుంది. నల్లరాయి ఒత్తిడిని ఎంతైనా ఓర్చుకుంటుంది కానీ, సన్నగా చెక్కి గాలిలో నిలిపితే ఒక్క దెబ్బకే తెగుతుంది. అందుకే పనిమంతుడు యాళి కాళ్ల కింద ఏనుగునో మకరాన్నో నిలుపుతాడు. కంటికది వేట, కాలికి ఆసరా. ఒళ్లు స్తంభాన్ని వదలదు. రెండూ ఒకే రాయి. కప్పును మోసేది వెనకున్న స్తంభం, మోస్తున్నట్టు కనిపించేది యాళి.

భౌగోళిక గుర్తింపు పొందిన ఆళ్లగడ్డ శిల్పకళకూ రాయి ఎంత ఓర్చుకుంటుందన్న ఈ లెక్కే ప్రాణం. దేవతామూర్తికి ముందు తాలమానం ప్రకారం కొలతలు పడతాయి. కోతయంత్రాలు వచ్చి మోటుపని తగ్గింది గానీ, ముఖం దగ్గర ఇప్పటికీ చిన్న ఉలే మాట్లాడాలి. మట్టిబొమ్మకు ముక్కు చెదిరితే మళ్లీ అతకొచ్చు. రాతిలో ఎక్కువ పోయిందంటే పోయినట్టే. కాబట్టి శిల్పికి తీసేయడమెంత తెలియాలో, ఆగడమూ అంత తెలియాలి.

ఇంగ్లీషులో అదుపు తప్పినవాటికి పేరైన భంగిమ, ఇక్కడ చేతి అదుపు లేకుండా పుట్టనే పుట్టదు.