చిగురు మీది కండ

"డాక్టరుగారూ, చిగురు మీద కండ పెరిగింది. క్యాన్సర్ కాదు కదా?" గొంతు తగ్గించి అడుగుతారు. చాలాసార్లు కాదు. పంటి సందున పేరుకున్న గారో, అంచు సరిగ్గా కూర్చోని క్యాపో రోజూ ఒరుసుకుంటుంటే, చిగురు ఆ పుండును మాన్పుకోబోయి అవసరానికి మించి కండ పెంచేస్తుంది. ఎర్రగా, మెత్తగా ఉండి బ్రష్ తగలగానే నెత్తురు కారితే పయోజెనిక్ గ్రాన్యులోమా అనుకుంటాం. గట్టిగా, లేత గులాబీ రంగులో ఉంటే ఫైబ్రోమా, లేదా లోపల ఎముక రేణువులు పుట్టే ఆసిఫయింగ్ ఫైబ్రోమా.

రంగు చూసి చెప్పేదంతా ఊహే. అరుదుగా అసలు క్యాన్సరే ఇంత అమాయకంగా కనిపిస్తుంది. గుట్కా, ఖైనీ నమిలేవాళ్లు ఇంతమంది ఉన్నచోట ఆ అనుమానం వదలకూడదు. కోసిన ముక్క ఎంత చిన్నదైనా 10 శాతం ఫార్మలిన్‌లో వేసి ల్యాబుకు పంపాల్సిందే. ఖర్చెందుకని చెత్తబుట్టలో వేయడం నాకు మింగుడుపడదు.

పైకి కనిపించేంతవరకే కోస్తే పని త్వరగా అయిపోతుంది, కండ మళ్లీ వస్తుంది. ఆసిఫయింగ్ ఫైబ్రోమా మూలం పంటిని ఎముకకు పట్టి ఉంచే పొరలో ఉంటుంది. ఎముక దాకా దిగి తీయాలి. అయితే ఇది ఎక్కువగా వచ్చేది పై ముందుపళ్ల దగ్గర, అదీ చిన్న వయసు ఆడపిల్లలకు. లోతుగా కోస్తే చిగురు దిగిపోయి నవ్వినప్పుడు పంటి వేరు కనబడుతుంది. పక్క చిగురును జరిపి ఆ ఖాళీని కప్పడం దగ్గరే నేను ఎక్కువ సమయం తీసుకుంటాను. దానికి ముందు వేరు మీది గార గీకాలి. నెత్తురు ఊరుతుంటే కంటికి ఆనదు. పరికరం గరగరలాడుతోందా, నున్నగా జారుతోందా అన్నది వేళ్లకే తెలియాలి. డయోడ్ లేజర్‌తో కోస్తే నెత్తురు తక్కువ కారుతుంది గానీ, గార అది తీయదు.

కడుపుతో ఉన్నవాళ్లకు హార్మోన్ల వల్ల ఎర్రటి, మెత్తటి రకం కండ త్వరగా పెరుగుతుంది. కాన్పయ్యాక చాలావరకు అదే తగ్గుతుంది కనుక కత్తి పట్టడానికి తొందరపడను. తినడానికి అడ్డమైతేనో, నెత్తురు ఆగకపోతేనో నాలుగు నుంచి ఆరో నెల మధ్య తీస్తాం. నెత్తురొస్తోందని ఇంట్లో పెద్దవాళ్లు బ్రష్ మానేయమంటారు. దయచేసి మానకండమ్మా, పాచి పెరిగితే కండా పెరుగుతుంది.

కుట్లు విప్పాక, నొప్పి లేదు కదా అని చాలామంది మళ్లీ రారు. ఆసిఫయింగ్ ఫైబ్రోమా అని రిపోర్టు వచ్చినవాళ్లకు మాత్రం నేనే ఫోన్ చేయిస్తాను. అది తిరిగొచ్చే రకం. మొదట్లోనే పట్టుకుంటే పక్క పళ్లు జరగకముందే తీసేయొచ్చు.