కోడిని చూసిందెవరు?

ప్రసార మాధ్యమాల గురించి చదివే విద్యార్థులకు పుస్తకాల్లో తరచు ఎదురయ్యే కథ ఒకటుంది. ఆఫ్రికాలో ఒక పల్లెలో ఆరోగ్య శాఖవారు చిన్న సినిమా వేశారు. ఇంటి చుట్టూ నీళ్లు నిలవకుండా చూసుకోవాలని, ఖాళీ డబ్బాలు ఏరి పారేయాలని చెప్పే సినిమా అది. నిడివి ఐదు నిమిషాలు. జనానికి అర్థం కావాలని చాలా నెమ్మదిగా తీశారు. ఆట అయిపోయాక, “ఏం చూశారు?” అని ప్రేక్షకులను అడిగితే వాళ్లు “కోడి” అన్నారట.

సినిమా తీసినవారు తెల్లబోయారు. తమ సినిమాలో కోడి ఉన్న సంగతే వాళ్లకు తెలియదు. ఫిల్మును ఒక్కొక్క బొమ్మగా పరీక్షించి చూస్తే, తెరకు కుడివైపు అడుగు భాగాన సుమారు ఒక సెకను పాటు కోడి ఎగిరిపోవడం కనిపించింది. ఈ సంగతిని లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ విల్సన్ 1961లో ఒక వ్యాసంలో రాశారు. మరుసటి ఏడాది కెనడా మాధ్యమ పండితుడు మార్షల్ మెక్లూహన్ దాన్ని తన ‘గూటెన్‌బర్గ్ గెలాక్సీ’లో చేర్చడంతో కథ ప్రపంచమంతా పాకింది. అక్షరజ్ఞానం లేనివారు బొమ్మను మొత్తంగా చూడలేరనీ, ముక్కముక్కలుగానే చూస్తారనీ చెప్పడానికి మెక్లూహన్ దీన్ని సాక్ష్యంగా వాడుకున్నారు.

కథ సరదాగానే ఉంది. కానీ అందులోంచి తీసిన నిర్ణయం నిలుస్తుందా? ఈ వ్యాసం పరిశీలించేది ఆ ఒక్క ప్రశ్ననే.

ప్రశ్నలోనే ఉంది చిక్కు

“ఏం చూశారు?” అని అడిగితే మనం చూసినదంతా ఏకరువు పెట్టం కదా! విశేషంగా తోచినదే చెబుతాం. సంతకు వెళ్లొచ్చినవారిని ఇదే మాట అడగండి. “దుకాణాలు, మనుషులు, ఆకాశం” అని ఎవరూ చెప్పరు. “ఒక ఎద్దు బెదిరి పరుగెత్తింది” అంటారు. ఒక మనిషి మెల్లమెల్లగా డబ్బాలు ఏరుకుంటూ పోతుంటే చూసేవాడికి అందులో వింత ఏముంది? ఉన్నట్టుండి కోడి ఎగిరిందంటే అదే వార్త!

విల్సన్ కథనంలోనే ఇంకో మాట ఉంది. గుచ్చిగుచ్చి అడిగితే తాము మనిషిని కూడా చూశామని ప్రేక్షకులు చెప్పారు. అయితే దాన్నంతా కలిపి వాళ్లు ఒక కథగా అల్లుకోలేదన్నది విల్సన్ ఫిర్యాదు. అంటే కంటికి కనబడలేదన్న మాట నిజం కాదు. మనిషి కనబడ్డాడు, మొదట నోటికి రాలేదు, అంతే. కథ చేతులు మారేకొద్దీ ఈ రెండో సగం జారిపోయి, “వాళ్లకు కోడి తప్ప ఏమీ కనబడలేదు” అన్న మొదటి సగమే మిగిలింది.

విల్సన్‌కు దక్కవలసిన మెప్పు కూడా దక్కాలి. ఫిల్మును ఓపికగా వెతికి, కోడి నిజంగానే ఉందని ఒప్పుకున్నది ఆయనే. సినిమా భాషను నేర్చుకోవాలన్న ఆయన మాటలోనూ నిజం ఉంది. తెర అంచు దాటి వెళ్లిన మనిషి ఏమయ్యాడని ఆ ప్రేక్షకులు అడిగేవారట. మన సినిమాల్లో రెండు పువ్వులు దగ్గరికి వచ్చి తాకితే అర్థమేమిటో మనమూ ఒకప్పుడు నేర్చుకున్నదే! అయితే నేర్చుకోని అలవాటు వేరు, చూడలేని అశక్తత వేరు. మెక్లూహన్ ఈ రెంటినీ కలిపేశారు.

కనబడని గొరిల్లా

ఇంకో సంగతి గమనించండి. ఆ సినిమాను తీసి, కత్తిరించి, అతికించి, ఎన్నోసార్లు చూసుకున్నవారికి కోడి కనబడలేదు. ఒక్కసారి చూసిన పల్లెవారికి కనబడింది. అయినా లోపం ఎవరి చూపులో ఉందని తేల్చారు? పల్లెవారి చూపులో!

1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జరిపిన ప్రయోగం ఇక్కడ పనికివస్తుంది. రెండు జట్లు బంతులు విసురుకుంటున్న వీడియో చూపించి, ఒక జట్టు ఎన్నిసార్లు బంతి అందించుకుందో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న ఒక మనిషి ఆటగాళ్ల నడుమ నుంచి నడిచి వెళ్లింది. చూసినవారిలో దాదాపు సగం మందికి ఆ గొరిల్లా కనబడనే లేదు! వాళ్లు చదువుకున్నవారే, సినిమాల మధ్య పెరిగినవారే. దృష్టి ఒక పని మీద ఉంటే కళ్ల ముందున్నది కూడా మనసుకు ఎక్కదు. సినిమా తీసినవారి ధ్యాస నీళ్ల మీద, డబ్బాల మీద ఉంది గనుక కోడి తప్పిపోయింది. ఈ సూత్రం లండన్‌కూ, ఆఫ్రికా పల్లెకూ ఒక్కటే.

కాగితమా, గుడ్డా?

ఈ కథ వెనుక కొంత చరిత్ర కూడా ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1939లో కలోనియల్ ఫిల్మ్ యూనిట్‌ను స్థాపించింది. అంతకుముందు నైజీరియాలో ఆరోగ్య శాఖలో పనిచేసిన విలియం సెల్లర్స్ దానికి నాయకుడు. ఆఫ్రికా ప్రేక్షకుల కోసం తీసే సినిమా నెమ్మదిగా నడవాలనీ, కెమెరా జిమ్మిక్కులు ఉండకూడదనీ ఆయన నియమం పెట్టారు. కాని మానవ శాస్త్రవేత్త హార్టెన్స్ పౌడర్‌మేకర్ నేటి జాంబియాలోని రాగి గనుల పట్టణంలో చేసిన అధ్యయనం 1962లో పుస్తకంగా వచ్చింది. అక్కడి గని కార్మికులకు అమెరికా కౌబాయ్ సినిమాలంటే ప్రాణమని అందులో ఉంది. గుర్రాల పరుగులు, తుపాకీ కాల్పులు, చకచకా మారే దృశ్యాలు! వాటిని ఇష్టంగా చూసేవారికి సినిమా నెమ్మదిగా నడిస్తేనే అర్థమవుతుందా?

మరో ఉదాహరణ. ఇథియోపియాలో బయటి ప్రపంచంతో అంతగా సంబంధం లేని మేఎన్ ప్రజలకు బొమ్మలు చూపిన డెరెగావ్‌స్కీ బృందం 1972లో తన ఫలితాలను ప్రకటించింది. అంతకుముందు ఆ ప్రాంతంలో బొమ్మలున్న కాగితం చేతికిస్తే కొందరు దాన్ని నలిపి, వాసన చూశారట. వాళ్లకు కాగితమే కొత్త వస్తువు. అందుచేత ఈ బృందం ముతక గుడ్డ మీద పెద్ద బొమ్మలు వేసి చూపించింది. ఎక్కువమంది వాటిలోని జంతువులను గుర్తుపట్టారు. గుర్తింపు కొన్నిసార్లు నెమ్మదిగా, ఒక్కొక్క భాగం చూసుకుంటూ జరిగింది. ఏమైనా ఒక విషయం తేలింది: సాధనం మార్చగానే ‘అశక్తత’ చాలావరకు మాయమైంది.

కలకత్తా నేర్పిన పద్ధతి

పరిశోధకుడి చూపులోనే లోపం ఉంటే దాన్ని పట్టుకునేదెలా? దీనికి పద్ధతి చూపినవారు మనవారే. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతిక శాస్త్రం బోధించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో భారతీయ గణాంక సంస్థను స్థాపించారు. 1930లలోనే ఆయన బెంగాల్‌లో జనపనార సాగు విస్తీర్ణం లెక్కకట్టే సర్వేలు మొదలుపెట్టారు. పొలాలకు వెళ్లి లెక్కలు రాసేవారు పొరబడితే? చూడకుండానే రాసేస్తే? తాము అనుకున్నదే చూస్తే?

అందుకు ఆయన కనిపెట్టిన ఉపాయం ఇది. ఒకే ప్రాంతం నుంచి రెండు విడి విడి నమూనాలను యాదృచ్ఛికంగా తీయాలి. రెండూ ఆ ప్రాంతమంతటా ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఉంటాయి. ఒక నమూనాను ఒక జట్టు, రెండోదాన్ని మరో జట్టు పరిశీలించాలి. ఒకరి లెక్క ఒకరికి తెలియకూడదు. రెండు ఫలితాలూ దగ్గరగా వస్తే కొంత నమ్మవచ్చు. కాకతాళీయంగా వచ్చే తేడా కన్నా ఎక్కువ తేడా వస్తే పొలాల్లో కాదు, లెక్కగట్టిన మనుషుల్లో వెతకాలి. కొలిచేవాణ్ణి కూడా కొలవడమన్నమాట!

ఈ గీటురాయి మీద కోడి కథను గీసి చూడండి. రెండో జట్టు వెళ్లి, వేరే తీరుగా అడిగి చూసిందా? కథలో ఆ ఊసు లేదు. అదే సినిమాను లండన్‌లోనో, కలకత్తాలోనో వేసి, అదే ప్రశ్న అడిగి పోల్చిన ప్రస్తావనా లేదు. పోలిక లేనప్పుడు “వీళ్లు ఇలా చూస్తారు” అనవచ్చునేమో గాని “వీళ్లు మాత్రమే ఇలా చూస్తారు” అనడానికి వీల్లేదు. పుస్తకాల్లో చేరింది మాత్రం ఆ రెండో మాటే.

ఆఫ్రికా మీదుగా తెలుగు టీవీ

పోలికతో చేసిన పరిశోధన ఎలా ఉంటుందో మన రాష్ట్రమే చూసింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఇస్రో, నాసా కలిసి ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిపాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ అందింది. పిల్లల కార్యక్రమాలు హిందీ, కన్నడం, ఒరియా, తెలుగు భాషల్లో వచ్చేవి. విశేషమేమంటే ఆ ఏటీఎస్-6 ఉపగ్రహం నిలిచి ఉన్నది తూర్పు ఆఫ్రికా పైన, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున!

ఇక్కడ పరిశోధకులు టీవీ ఉన్న పల్లెలను టీవీ లేని పల్లెలతో పోల్చారు. ప్రయోగానికి ముందూ, తర్వాతా ప్రశ్నలు వేశారు. మానవ శాస్త్రవేత్తలు కొన్ని పల్లెల్లో నెలల తరబడి కాపురమున్నారు. వ్యవసాయ విషయాల్లో టీవీ ప్రభావం పెద్దగా కనిపించలేదని దాచుకోకుండా చెప్పారు. ఆరోగ్యం వంటి విషయాల్లో మాత్రం చదువుకున్నవారి కన్నా చదువురానివారూ, మగవారి కన్నా ఆడవారూ ఎక్కువ లాభపడ్డారని తేలింది. అక్షరం రానివారికి తెర అర్థం కాదన్న సిద్ధాంతానికి ఇంతకంటే సూటి జవాబు ఏం కావాలి?

డోలు మాట్లాడితే

చివరగా, కథను తిరగేసి చూద్దాం. కాంగోలో చాలా ఏళ్లు గడిపిన జాన్ కారింగ్టన్ 1949లో అక్కడి మాట్లాడే డోళ్ల గురించి పుస్తకం రాశారు. కేలే భాషలో మాట అర్థం స్వరం హెచ్చుతగ్గుల మీద ఆధారపడుతుంది. డోలు ఆ హెచ్చుతగ్గులను మాత్రమే పలికించగలదు. అందువల్ల ఒకే స్వరక్రమం ఉన్న రెండు మాటలు డోలు మీద ఒకేలా వినిపిస్తాయి. ఉదాహరణకు ఆ భాషలో ‘చంద్రుడు’, ‘కోడి’ అనే మాటలకు స్వరక్రమం ఒక్కటే. మరి పొరపాటు పడకుండా ఎలా? చంద్రుడికి ‘నేలను చూసేవాడు’ అన్న అర్థం వచ్చే మాటలు, కోడికి దాని కూతను తెలిపే మాటలు తోకగా తగిలిస్తారు. సందేశం పొడుగవుతుంది గాని తప్పు దొర్లదు. అదనపు సంకేతాలు చేర్చి పొరపాట్లు తగ్గించడమనే సూత్రాన్నే నేటి సమాచార సాంకేతిక శాస్త్రమూ వాడుతుంది.

ఎన్నో ఏళ్లుగా ఆ డోళ్లను వింటూ వచ్చిన చాలామంది యూరోపియన్లకు అది చప్పుడుగానే వినిపించింది. దాన్ని బట్టి యూరోపియన్ల చెవులకు శక్తి లేదని ఎవరూ సిద్ధాంతం చేయలేదు. చేయకపోవడమే న్యాయం. అదే న్యాయం ఆ పల్లె ప్రేక్షకులకూ దక్కాలి.

మన దగ్గర కూడా “చెప్పినా వీళ్లకు అర్థం కాదు” అనే మాట ఆరోగ్య ప్రచారంలోనూ, వ్యవసాయ ప్రచారంలోనూ వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాట నమ్మితే నష్టపోయేది విననివాడు కాదు, వినవలసిన సమాచారం అందనివాడు. ఇకపై అలాంటి మాట చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏ ప్రశ్న అడిగారు? ఎవరితో పోల్చారు? కొలిచినవాణ్ణి ఎవరు కొలిచారు?

మీ తరగతిలో ఒక చిన్న ప్రయోగం కూడా చేయవచ్చు. ఐదు నిమిషాల డాక్యుమెంటరీ ఒకటి చూపించి, సగం మందిని “ఏం చూశారు?” అని, మిగతా సగం మందిని “ఈ సినిమా ఏం చెప్పింది?” అని అడిగి, జవాబులు విడివిడిగా రాయించండి. రెండు కట్టలనూ పక్కపక్కన పెట్టి చదవండి. మీ తరగతిలోనూ కోళ్లు ఎగరవచ్చు!