‘కొథోర్నోస్’: గ్రీకు రంగస్థల పాదరక్ష – అర్థపరిణామం

సారాంశం:
ప్రాచీన గ్రీకు విషాదనాటక నటుడు మందమైన అడుగున్న ఎత్తు జోళ్ళు తొడిగేవాడన్న అభిప్రాయం బహుళప్రచారంలో ఉంది. దానికి ఆధారంగా చూపే ‘కొథోర్నోస్’ అనే పదానికి క్రీ.పూ. 5వ శతాబ్దిలో ఆ అర్థం లేదని, తరువాతి కాలపు అర్థాన్ని వెనుకటి నాటకాలకు అంటగట్టడం వల్ల వాటి ప్రదర్శనస్వరూపమే మరుగున పడుతోందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కొథోర్నోస్, సొక్కస్, విషాదనాటకం, ఆహార్యం, అర్థపరిణామం.

1. 5వ శతాబ్ది ప్రయోగాలు

ఆనాటి రచనల్లో కొథోర్నోస్ అంటే పిక్కల దాకా వచ్చే మెత్తని, వదులైన జోడు. లిడియా రాజు క్రీసస్ ధనాగారంలోకి వెళ్ళిన ఆల్క్‌మియాన్ తనకు దొరికిన వాటిలో అతివెడల్పైన కొథోర్నోస్‌లు తొడిగి, వాటి నిండా బంగారుపొడి కూరుకున్నాడని హెరొడోటస్ కథనం. వదులు ఈ జోడు ప్రధానలక్షణమని ఇక్కడ స్పష్టమవుతుంది.

రాజకీయనాయకుడు థెరామెనీస్‌కు ‘కొథోర్నోస్’ అనే ఎగతాళిపేరు ఉండేదని జెనోఫోన్ నమోదు చేశాడు. ఆ జోడు ఏ కాలికైనా సరిపోయినట్లే అతడు ఏ పక్షానికైనా సరిపోతాడన్నది అందులోని ఆక్షేపం.

అరిస్టోఫనీస్ ‘కప్పలు’ (క్రీ.పూ. 405) హాస్యనాటకంలో డయోనిసస్ కుంకుమపువ్వు రంగు వస్త్రంపై సింహచర్మం కప్పుకొని, చేత గద, కాళ్ళకు కొథోర్నోస్‌లతో ప్రవేశిస్తాడు. హెరాక్లీస్ నవ్వు ఆపుకోలేకపోతాడు. వీరుని చిహ్నాలకూ స్త్రీజనోచితమైన మెత్తని జోళ్ళకూ పొత్తు కుదరకపోవడమే అక్కడి హాస్యం. కొథోర్నోస్ వీరోచితమైన ఎత్తు జోడే అయితే ఈ హాస్యానికి తావే లేదు.

చిత్రసాక్ష్యమూ దీనినే బలపరుస్తుంది. నేపుల్స్‌లో భద్రపరచిన ప్రొనొమోస్ కలశంపై (సుమారు క్రీ.పూ. 400) నటుల జోళ్ళు అలంకృతమైనవే గాని వాటి అడుగు పలుచన.

2. అర్థం మారిన క్రమం

మందమైన అడుగు హెలెనిస్టిక్ యుగంలో వచ్చి, రోమన్ కాలంలో బాగా పెరిగింది. క్రీ.శ. 2వ శతాబ్దిలో లూషియన్ ఎత్తు జోళ్ళపై నిలిచిన విషాదనటుణ్ణి పరిహసించాడు. అంతకుముందే హొరేస్ తన కావ్యకళాలేఖలో కొథుర్నస్‌ను ఈస్కిలస్‌తో ముడిపెట్టాడు. వీరిద్దరి మధ్య నాలుగు శతాబ్దులకు పైగా వ్యవధి ఉంది. ఈస్కిలస్‌కు చాలా దగ్గరి కాలంవాడైన అరిస్టాటిల్, అతడు నటుల సంఖ్యను రెండుకు పెంచి, బృందగానాన్ని తగ్గించాడని చెప్పాడే గాని జోళ్ళ ప్రస్తావన తేలేదు.

లాటిన్‌లో కొథుర్నస్ విషాదానికీ, పలుచని చెప్పు ‘సొక్కస్’ హాస్యానికీ లక్షణార్థంలో రూఢమయ్యాయి. వర్జిల్ సోఫోక్లీస్ శైలిని కొథుర్నస్‌తోనే సూచించాడు. అప్పటికి ఆ పదం పాదరక్షను దాటి ఉదాత్తశైలికి పర్యాయమైంది.

3. విమర్శకు దీని ప్రయోజనం

ఎత్తు జోళ్ళ ఊహ నటుణ్ణి కదలని విగ్రహంగా మారుస్తుంది. యూరిపిడీస్ ‘ట్రోయ్ స్త్రీలు’ నాటకారంభంలో హెకుబా నేలపై పడి ఉండి, తరువాత లేస్తుంది. నేలకు ఒరగడం, మోకరిల్లడం, పరుగున రావడం అడుగడుగునా ఉన్న ఈ నాటకాలకు మెత్తని జోడే అనువైనది. భరతుడు ఆహార్యాన్ని అభినయభేదంగానే లెక్కించాడు. ఆ దృష్టితో చూస్తే పాదరక్షను గురించిన పొరపాటు అభినయాన్ని గురించిన పొరపాటే అవుతుంది.

అనువాదంలోనూ జాగ్రత్త అవసరం. ‘పావుకోళ్ళు’ అంటే కొయ్య అడుగు స్ఫురిస్తుంది. ‘పాదుకలు’ అంటే రామకథలోని పూజ్యభావం తోడవుతుంది. మిల్టన్ బెన్ జాన్సన్ హాస్యనాటకాలను ఉద్దేశించి వాడిన ‘సాక్’ సొక్కస్ నుండి వచ్చినదే. దానిని ‘మేజోడు’ అని అనువదిస్తే లక్షణార్థం పూర్తిగా పోతుంది.

4. ముగింపు

5వ శతాబ్ది సందర్భంలో కొథోర్నోస్‌ను ‘మెత్తని పొడవు జోడు’ అనీ, రోమన్ సందర్భంలో కొథుర్నస్‌ను ‘ఎత్తు అడుగు జోడు’ అనీ, శైలిని సూచించేచోట ‘విషాదోచిత గాంభీర్యం’ అనీ వేరుచేసి చెప్పడం సముచితం. ఏ పదాన్నైనా దాని కాలంతో కలిపి బోధించినప్పుడే ఆ కాలపు రంగస్థలం విద్యార్థికి సరిగా గోచరిస్తుంది.