చర్చి గోడల నడుమ జైన మందిరం

కువైట్‌లో చర్చిలున్నాయి. జైనులకు, హిందువులకు, సిక్కులకు మాత్రం బహిరంగంగా గుడి కట్టుకునే వీల్లేదు. అక్కడ కాపురముండే తెలుగువాళ్ళైనా, గుజరాతీ జైనులైనా దేవుణ్ణి ఇంట్లోనే కొలుచుకోవాలి. చోటంటూ దొరికితే జైనులు పరాయిగడ్డ మీద ఏం కడతారో తెలియాలంటే ఇంగ్లండ్‌లోని లెస్టర్ వెళ్ళాలి.

అక్కడి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని జైన్ సెంటర్ ఒకప్పుడు చర్చి. 1972లో ఉగాండా పాలకుడు ఈదీ అమీన్ తన దేశం నుంచి ఆసియావాళ్ళను తరిమేసినప్పుడు, మా ఊరికి రావద్దంటూ ఉగాండా పత్రికలో ప్రకటన వేయించింది లెస్టర్ నగరపాలక మండలే. అయినా వాళ్ళు వచ్చారు. పదహారేళ్ళు తిరిగేసరికి, 1988లో, అదే ఊళ్ళో ఈ మందిరానికి ప్రతిష్ఠ జరిగింది.

పాత గోడలు పడగొట్టి మొదటినుంచీ కట్టుకుంటే పని తేలిక. లెస్టర్ జైనులు అలా చేయలేదు. వీధి వైపు తెల్లటి పాలరాతి ముఖభాగం తొడిగారు. లోపల పసుపు ఇసుకరాతి స్తంభాలు నిలబెట్టారు. ఇసుకరాయి ఉలికి బాగా లొంగుతుంది. స్తంభం ఒంటి మీద వరస మీద వరసగా సాగే చెక్కడం దగ్గరికి వెళ్ళి చూస్తే గానీ కంటికి ఆనదు. ఈ పని భారతీయ శిల్పులది. తెలంగాణలోని కొలనుపాక జైన గుడి చూసినవాళ్ళకు ఈ పనితనం కొత్త కాదు.

నన్ను ఆకట్టుకున్నది రాతిపని కన్నా రంగుటద్దాల కిటికీలు. ఆ కళ చర్చి సొత్తు. మన శిల్పశాస్త్రంలో దానికి చోటు లేదు. దాన్నే తీసుకుని మహావీరుడి జీవితకథ చెప్పించారు. వెలుతురు వెనకనుంచి పడితేనే బొమ్మకు ప్రాణం వస్తుంది. గోడల మీద అద్దపు ముక్కలతో పేర్చిన చిత్రాలకు ముందునుంచి వెలుతురు కావాలి. రెంటినీ ఒకే కప్పు కింద పెట్టడం చిన్న విషయం కాదు.

అసలు నేర్పు మరోటుంది. జైనుల్లో శ్వేతాంబర శాఖవారి విగ్రహాలకు తెరిచిన కళ్ళు, నగలు, అలంకారాలు. దిగంబర శాఖవారి విగ్రహాలకు అవేవీ ఉండవు, చూపు కిందికి వాలి ఉంటుంది. మహావీరుడి తల్లి త్రిశలాదేవికి వచ్చిన కలలు పద్నాలుగని శ్వేతాంబరులంటే, పదహారని దిగంబరులంటారు. భారతదేశంలో గుడి హక్కుల మీద కోర్టులకెక్కిన ఈ రెండు శాఖలకూ ఇక్కడ ఒకే భవనంలో వేర్వేరు గదులున్నాయి. విగ్రహపూజ చేయని స్థానకవాసులకు ఉపాశ్రయం ఉంది. శ్రీమద్ రాజచంద్రను గురువుగా కొలిచేవారికీ చోటుంది. ఏ ఒక్క శాఖా సొంతంగా ఇంత భవనం మోయగలిగేది కాదేమో, అవసరమే కలిపిందేమో. అయినా కలిసి ఉండటానికి వీలుగా గదులు అమర్చినవాడు గట్టివాడే.

పర్యూషణ పర్వానికి జనం కూడేదీ, పిల్లలు ధర్మం నేర్చుకునేదీ, భోజనాలకు కూర్చునేదీ ఇలాంటి కేంద్రాల్లోనే. పొద్దు గుంకాక తినకూడదన్న నియమం పాటించేవాళ్ళు లెస్టర్‌లో డిసెంబరు వస్తే సాయంత్రం నాలుగు లోపే ముగించాలి. జూన్‌లో తొమ్మిది దాటినా పర్వాలేదు.

లండన్ వెళ్ళే తెలుగువారు ఒక పూట ఇటు వెచ్చించండి. సెంట్ పాంక్రాస్ స్టేషన్ నుంచి రైల్లో గంటా గంటన్నర. తోలు బెల్టు, తోలు పర్సు మాత్రం బయటే వదలండి, జైన మందిరంలోకి వాటిని తేకూడదు.