యిర్మీయా కొన్న పొలం

హిబ్రూ ప్రవక్తల గ్రంథాలను రెండు ముక్కలుగా కోసి చదివే అలవాటు విమర్శకులలో చాలాకాలంగా ఉన్నది. తీర్పు మాటలు ప్రవక్తవి, ఆశ మాటలు తర్వాతి వారు చేర్చినవి అని కొందరి అభిప్రాయం. 1901లో యిర్మీయా గ్రంథానికి వ్యాఖ్య వ్రాసిన జర్మన్ పండితుడు బెర్న్‌హార్డ్ డూమ్, అందులో సగానికి పైగా తర్వాతి సంపాదకుల రచనేనని నిర్ణయించాడు. పలు చేతులు పనిచేశాయనటంలో సందేహం లేదు. ప్రాచీన గ్రీకు అనువాదం హిబ్రూ ప్రతికన్నా పొట్టిది, అధ్యాయాల క్రమమూ వేరు. అయితే తీర్పునూ ఆశనూ విడదీస్తే మిగిలేదేమిటి?

32వ అధ్యాయాన్ని చూడండి. క్రీ.పూ. 587 ప్రాంతం. బాబిలోను సేనలు యెరూషలేమును ముట్టడించి ఉన్నాయి. నగరం పడిపోతుందని చెప్పినందుకు యిర్మీయా కారాగృహ ప్రాంగణంలో బందీగా ఉన్నాడు. అప్పుడు పినతండ్రి కుమారుడు హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలాన్ని కొనమంటాడు. యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇస్తాడు. సాక్షుల ఎదుట క్రయపత్రం వ్రాయించి, అది చిరకాలం నిలిచేలా మట్టి కుండలో పెట్టమని బారూకుకు అప్పగిస్తాడు. నగరం దక్కుతుందని మాత్రం ఒక్క మాటైనా అనడు.

ఇక్కడ అనువాదకుణ్ణి ఆపే పదం ఒకటున్నది: 'మిష్పాత్'. 1వ అధ్యాయంలో ఈ జాతిపై దైవం ప్రకటించే తీర్పుకూ ఇదే పదం. 7వ అధ్యాయంలో మనిషికీ పొరుగువానికీ మధ్య జరగవలసిన న్యాయానికీ ఇదే. ఇక్కడ హనమేలు ప్రస్తావించిన హక్కుకూ ఇదే. బంధువు భూమి పరులపాలు కాకుండా విడిపించుకునే ఆ హక్కు, వివరాలలో తేడా ఉన్నా, మన ఫిఖహ్‌లోని షుఫాను గుర్తుకు తెస్తుంది. తెలుగులో తీర్పు, న్యాయం, హక్కు అని మూడు మాటలు వాడక తప్పదు; వాడగానే ఆ బంధం తెగిపోతుంది. హిబ్రూ శ్రోతకు మాత్రం తీర్పుకూ విమోచన హక్కుకూ పదం ఒక్కటే.

28వ అధ్యాయంలోని హనన్యా దీనికి ఎదురు సాక్ష్యం. రెండేళ్ళలో అంతా చక్కబడుతుందని అతడు జనానికి చెప్పాడు. అనాథకూ వితంతువుకూ పరదేశికీ జరిగే అన్యాయాన్ని మాత్రం ఎత్తలేదు. అది వెల చెల్లించని ఆశ. యిర్మీయా ఆశకు 17 తులాల వెండి ఖర్చయింది.

దివ్య ఖుర్ఆన్‌లో హజ్రత్ ఇర్మియా పేరు లేదు. అయితే సూరె బఖరా 259వ ఆయత్‌లో, శిథిలమైన ఊరి మీదుగా వెళుతూ ఇది మళ్ళీ ఎలా బ్రతుకుతుందని ఆశ్చర్యపడిన వ్యక్తి ఆయనేనని వహబ్ బిన్ మునబ్బిహ్ చెప్పినట్లు తబరీ ఉల్లేఖించారు. అధిక ప్రచారంలో ఉన్న పేరు హజ్రత్ ఉజైర్. ఇలాంటి ఇస్రాయీలీ కథనాలను ఖుర్ఆన్ మౌనంగా ఉన్నచోట ధ్రువపరచనూ వద్దు, త్రోసిపుచ్చనూ వద్దన్న ఉలమా నియమం మనకు చాలు.

కాని ఆ నియమం చాటున మనమూ ఒక కోత కోస్తున్నాము. బనీ ఇస్రాయీల్‌ను మందలించిన మాటలు వారికి, కారుణ్యపు మాటలు మనకు అని పంచుకుంటున్నాము. డూమ్ గ్రంథాన్ని కోశాడు. మనం శ్రోతలను కోస్తున్నాము. యిర్మీయా మందలించినది తన స్వంత జాతిని. పొలం కొన్నదీ వారి మధ్యనే. తీర్పును మన ఇంటి గుమ్మం దాటించి పంపివేస్తే, ఆశ కూడా దానితోపాటే వెళ్ళిపోతుంది.